పుస్తకములు కుట్టిన చేయి: మైకేల్ ఫారడే

మా ఇంట ముప్పది యేండ్లు దాటిన మోటారు సైకిలు ఒకటి కలదు. తండ్రిగారు కొన్నది గనుక దానిని అమ్ముటకు మనసొప్పలేదు. కొన్నాళ్ల క్రిందట దానికొక విచిత్రమైన జబ్బు పట్టుకొన్నది. పగలు చక్కగనే నడచును. చీకటిపడి దీపము వేసిన తరువాత నాలుగైదు కిలోమీటర్లు పోవునప్పటికి వెలుగు పసుపువన్నెకు తిరిగి, ఎఱ్ఱబారి, తుదకు మిణుగురు పురుగంత మిగులును. హారను జలుబుచేసిన గొంతువలె మూలుగును. ఒకనాటి రాత్రి చెఱువుకట్టమీద దీపము బొత్తిగా ఆఱిపోయెను. ఇటుకల బరువుతో ఎదురుగ వచ్చుచున్న ట్రాక్టరు నన్ను చూడలేదు. బండితో కూడ కట్టదిగువకు జారితిని. మోచేయి గీరుకొనుటతో పోయినది గాని, ఆ రాత్రి తలపునకు వచ్చినచో ఇప్పటికిని గుండె ఝల్లుమనును.

మఱునాడు మరమ్మతు చేయువానికి చూపగా బ్యాటరీ పోయినదనెను. క్రొత్తది వేయించితిని. నాలుగు నెలలకు అదియు పోయెను. మరల క్రొత్తది. ఏడాది తిరుగులోపల మూడు బ్యాటరీలు మార్చితిమి గాని, అవి ఎందుచేత పోవుచున్నవని అడిగినవారు లేరు. నాడి చూడక మందిచ్చు వైద్యుని పద్ధతి ఇది. తుదకొక వృద్ధుడైన మేస్త్రి వోల్టులు కొలుచు మీటరును తీసి, బండి ప్రక్కన పీట వేసికొని కూర్చుండి, మూడు సంగతులు విచారించెను. విద్యుత్తు పుట్టుచున్నదా? పుట్టినది దారి తప్పకుండ పోవుచున్నదా? చేరినది నిలుచుచున్నదా? అరగంటలో దోషము బయటపడెను. ఇంజను ప్రక్కనున్న గొలుసుపెట్టెలో గొలుసు ఒరసి ఒరసి ఒక తీగకున్న తొడుగు అరిగిపోయి, రాగి బయటపడి, ఇనుమును తాకుచున్నది. పుట్టిన విద్యుత్తులో పెద్దపాలు బ్యాటరీని చేరకయే బండి ఇనుములో కలిసిపోవుచున్నది. పాపము, బ్యాటరీలు మూడును నిర్దోషులే. తీగ లాగిన డొంకంత కదలునని మన పెద్దలన్నది వేఱొక తీగను గుఱించియైనను, ఆనాడు నాకది అక్షరాల నిజమైనది.

ఆ మూడు ప్రశ్నలకును మూలమెక్కడిదని వెదకుచు పోగా నేను చేరినది లండను నగరములోని ఒక పుస్తకముల దుకాణము.

బ్లాండ్‌ఫర్డ్ వీథిలోని ఆ దుకాణము ఫ్రాన్సు దేశమునుండి వలసవచ్చిన జార్జి రీబో అనునాతనిది. 1804వ సంవత్సరమున అచట పండ్రెండు పదమూడేండ్ల బాలుడొకడు వార్తాపత్రికలను ఇల్లిల్లు తిప్పు పనిలో చేరెను. ఆ కాలమున పత్రిక వెల ఎక్కువ. ఒకే ప్రతిని కొంతసేపు ఒకరి యింట నుంచి, తిరిగి తెచ్చి మఱియొకరి కిచ్చుచుండెడివారు. ఏడాది గడచిన తరువాత యజమాని ఆ బాలుని నడవడికకు మెచ్చి, రుసుము పుచ్చుకొనకయే, ఏడేండ్ల ఒప్పందముపై పుస్తకములు కుట్టి అట్టకట్టు పని నేర్పుటకు తీసికొనెను. ఆ బాలుడే మైకేల్ ఫారడే.

ఆతడు 1791 సెప్టెంబరు 22వ తేదీన, నేడు లండనులో కలిసిపోయిన న్యూయింగ్టన్ బట్స్ అనుచోట జన్మించెను. తండ్రి జేమ్సు కమ్మరి. ఉత్తర ఇంగ్లండునుండి బ్రతుకుతెరువునకై రాజధానికి వచ్చిన కుటుంబము. తండ్రి రోగిష్ఠి యగుటచే కొలిమి సరిగ మండెడిది కాదు. 1801లో ధాన్యపు ధరలు మండిపోయినప్పుడు ఈ బాలునికి వారమునకు ఒక రొట్టె లభించెడిదట. దానిని రోజులవారీగ ముక్కలు చేసికొని తినవలెను. బడిచదువు చదువుటకును వ్రాయుటకును కొంచెము లెక్కకును మించలేదు. సాండెమనియను అను చిన్న క్రైస్తవ శాఖకు చెందిన కుటుంబమది. ధనము కూడబెట్టుట ఆ శాఖవారికి తగని పని. ఈ విషయము ముందు ముందు పనికివచ్చును గనుక చదువరులు గుర్తుంచుకొనవలెను.

పుస్తకములు కుట్టువాడు పుస్తకములు చదువునని నియమమేమియు లేదు. చెఱకు గానుగ త్రిప్పు ఎద్దునకు బెల్లము రుచి తెలియవలెనని లేదు గదా! ఫారడే మాత్రము తన చేతికి వచ్చినదెల్ల చదివెను. బ్రిటానికా విజ్ఞానసర్వస్వమును కుట్టుచు, అందు విద్యుత్తును గుఱించిన వ్యాసమును చదివెను. జేన్ మార్సెట్ అను విదుషీమణి రసాయనశాస్త్రమును సంభాషణ రూపమున వ్రాసిన గ్రంథము ఆతనికి దొరికెను. అందు చెప్పిన ప్రయోగములలో తన జేబునకు అందినవాటిని చేసి చూచి, పుస్తకములోని మాట నిజమగునా కాదా అని పరీక్షించుకొనెను. చదివినదానిని చేసి చూచినగాని నమ్మకుండుట అప్పటినుండి ఆతనికి అలవాటు. టాటమ్ అనునాతడు తన యింట శాస్త్రోపన్యాసములిచ్చుచుండగా, ఒక్కొక్క ఉపన్యాసమునకు షిల్లింగు చొప్పున రుసుమును అన్న రాబర్టు చెల్లించెను. ఆ అన్నయు కమ్మరియే. తమ్ముని చదువునకు షిల్లింగులు లెక్కించియిచ్చిన ఆ కమ్మరిని చరిత్ర యింకను కొంచెము ఎక్కువగ తలచుకొనవలసినది.

1812లో దుకాణమునకు వచ్చు ఖాతాదారుడు డాన్స్ అనునాతడు, రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హంఫ్రీ డేవీ యిచ్చు చివరి నాలుగు ఉపన్యాసములకు టిక్కెట్లిచ్చెను. డేవీ ఆనాటి రసాయనశాస్త్రవేత్తలలో అగ్రగణ్యుడు. ఆయన ఉపన్యాసములకు బండ్లు బారులు తీరెడివి. ఫారడే నాలుగింటిని విని, వ్రాసికొని, ఇంటివద్ద విస్తరించి, బొమ్మలు గీసి, సుమారు మున్నూఱు పుటల గ్రంథముగ తానే కుట్టి అట్టకట్టెను. బొమ్మలు గీయుట రీబో యింట బసచేసిన ఫ్రెంచి చిత్రకారునివద్ద నేర్చినది. ఒప్పందము ముగిసి ఆతడు వేఱొక యజమానివద్ద కూలికి చేరెను గాని, ఆ యజమాని కోపిష్ఠి. పనిలో మనసు నిలువలేదు. ఆ గ్రంథమును డేవీకి పంపి, శాస్త్రసేవలో ఏ చిన్న పనియైనను ఇప్పింపుమని ప్రార్థించెను. కొన్నాళ్లకు ఇన్‌స్టిట్యూషన్ సహాయకుడొకడు కొట్లాటలో పడి ఉద్యోగము పోగొట్టుకొనగా ఆ చోటు ఖాళీయయ్యెను. 1813 మార్చి 1వ తేదీన ఫారడే రసాయనశాలలో సహాయకుడుగ నియమింపబడెను. జీతము వారమునకు 25 షిల్లింగులు. మేడపై రెండు గదులు, పొయ్యికి బొగ్గు, దీపమునకు క్రొవ్వొత్తులు అదనము. దాదాపు అర్ధశతాబ్ది ఆ కట్టడమే ఆయనకు ఇల్లు.

అదే సంవత్సరము అక్టోబరులో డేవీ దంపతులతో ఐరోపా యాత్రకు బయలుదేరెను. పారిసు, ఫ్లారెన్సు, రోము చూచెను. మిలానులో వోల్టా అను వృద్ధ శాస్త్రజ్ఞుని కలిసికొనెను. విద్యుత్తును నిలకడగ ప్రవహింపజేయు బ్యాటరీని లోకమున కిచ్చినవాడు ఆ వోల్టాయే. మన కొలతకు వోల్టు అను పేరు ఆయనదే. మార్గమధ్యమున డేవీగారి భార్య ఫారడేను సేవకునిగ చూచెననియు, భోజనమునకు నౌకరులతో కూర్చుండబెట్టెననియు ఆయన స్నేహితులకు వ్రాసిన ఉత్తరములవలన తెలియుచున్నది. ఒక దశలో అంతయు విడిచి మరల పుస్తకములు కుట్టుకొందునా అనికూడ తలచెను. విడువలేదు. 1815 వసంతమున లండనుకు తిరిగివచ్చెను.

1820లో డెన్మార్కు దేశమున ఓర్‌స్టెడ్ ఒక వింతను కనుగొనెను: తీగలో విద్యుత్తు ప్రవహించునప్పుడు దగ్గఱనున్న దిక్సూచి ముల్లు ప్రక్కకు తిరుగును. మఱుసటి సంవత్సరము సెప్టెంబరులో ఫారడే ఆ శక్తితో, పాదరసములో వ్రేలాడు తీగ అయస్కాంతము చుట్టు ఎడతెగక తిరుగునట్లు చేసి చూపెను. నేటి విద్యుత్ మోటారులన్నిటికిని అది మూలపురుషుడు. కాని ఇట్టి భ్రమణమును గుఱించి వొల్లాస్టన్ అను పెద్ద శాస్త్రజ్ఞుడు డేవీతో ముందే ప్రయత్నించి యుండెను. ఆయన పేరెత్తకయే ఫారడే తన వ్యాసమును ప్రకటించెను. చౌర్యమను నింద పుట్టెను. చేసిన ప్రయోగము వేఱు, కనుగొన్న ఫలితము వేఱు అనుట సత్యమే అయినను, పెద్దవానిని ముందుగ కలిసికొని ఒక్క మాట చెప్పవలసినది. తొందరపడెను. అది ఆయన తప్పని నా ఊహ. దానికి శిక్ష కూడ పెద్దదే: 1824 జనవరిలో రాయల్ సొసైటీ సభ్యత్వమునకు ఆయన పేరు వచ్చినప్పుడు, అధ్యక్షస్థానముననున్న డేవీయే దానిని ప్రతిఘటించెను. ఒక్క వ్యతిరేకపు ఓటు తప్ప మిగిలినవన్నియు అనుకూలమై ఫారడే ఎన్నికయ్యెను. అటుపిమ్మట ఎన్నడును గురువును ఆయన దూషింపలేదు.

ఇక అసలు ప్రశ్న. విద్యుత్తు అయస్కాంతత్వమును పుట్టించుచున్నదిగదా; అయస్కాంతము విద్యుత్తును పుట్టింపదా? ఐరోపాయందలి శాస్త్రజ్ఞులు పలువురు దీనిని వెదకిరి. తీగచుట్టలో అయస్కాంతమునుంచి గంటలకొలది చూచిరి, సూచి కదలలేదు. జెనీవాలో కొలాడన్ అను యువకుడు 1825లో పెద్ద అయస్కాంతముతో ప్రయోగము చేసెను. అయస్కాంతము సూచిని నేరుగ లాగునేమో అను జాగ్రత్తచే సూచిగల పరికరమును వేఱొక గదిలో నుంచెను. ఇచట అయస్కాంతమును చుట్టలో దూర్చి, ఆ గదిలోనికి నడచిపోయి చూచునప్పటికి సూచి యథాస్థానమున నిలిచియున్నది. నడచిన ఆ కొన్ని అడుగుల కాలములో సూచి కదలి, మరల నిలిచెనని పాపము ఆతనికి తెలియలేదు. ఫారడే సైతము 1824, 1825, 1828 సంవత్సరములలో ప్రయత్నించి విఫలుడయ్యెను. విఫలమైన ప్రతి ప్రయోగమును తేదీతో దినచర్యయందు వ్రాసికొనెను. ఏది పనిచేయలేదో వ్రాసికొనువాడు మాత్రమే అదే గోతిలో రెండవమాఱు పడకుండును.

1831 ఆగస్టు 29. మెత్తని ఇనుముతో చేయించిన కడియమొకటి. అడ్డుకొలత ఆఱు అంగుళములు, మందము అంగుళమునకు కొంచెము తక్కువ. దాని ఒక ప్రక్కను రాగితీగ చుట్లు, రెండవ ప్రక్కను వేఱొక తీగ చుట్లు. రెండింటికిని నడుమ సంబంధము లేదు. ఆనాడు తొడుగుగల తీగలు బజారున దొరకవు. చుట్టు చుట్టునకు నడుమ పురికొస, వరుసకును వరుసకును నడుమ నూలుగుడ్డ పెట్టి ఆయనయే చుట్టెను. పుస్తకములు కుట్టిన చేయి అక్కడ అక్కఱకు వచ్చినది. మొదటి తీగను బ్యాటరీకి కలిపెను. మూడడుగుల దూరమున రెండవ తీగక్రింద నున్న సూచి ఒక్కమాఱు ఊగి, నిలిచెను. ప్రవాహము సాగుచున్నంతసేపు ఏమియు లేదు. బ్యాటరీని విడదీసెను, సూచి మరల ఊగెను.

ఇతరులు దీనిని చేయివణకుగనో గాలిగనో త్రోసివేసి యుందురు. ఆయన ఆ క్షణకాలపు చలనమునందే రహస్యమున్నదని గ్రహించెను. కావలసినది అయస్కాంతము గాదు, అయస్కాంతత్వమునందలి మార్పు. అక్టోబరు 17వ తేదీన కాగితపు గొట్టముపై తీగ చుట్టి, అందులో అయస్కాంతపు కడ్డీని చటుక్కున దూర్చెను. సూచి ఒక వైపునకు ఊగెను. కడ్డీని బయటికి లాగగా రెండవ వైపునకు ఊగెను. అక్టోబరు 28వ తేదీన, రాయల్ సొసైటీవారి మహాయస్కాంతపు ధ్రువముల నడుమ రాగిచక్రమును త్రిప్పి నిలకడయైన ప్రవాహమును రాబట్టెను. ఆ చక్రపు అంచు తీగతో చక్కగ కలియుటకై దానికి పాదరసమును పట్టించెను. అతుకు బాగుగలేనిచో పుట్టిన స్వల్పవిద్యుత్తు అక్కడనే చచ్చునని ఆయనకు తెలియును. నవంబరు 24వ తేదీన ఈ ఫలితములు రాయల్ సొసైటీలో చదువబడినవి. అమెరికాలో జోసెఫ్ హెన్రీ కూడ స్వతంత్రముగ ఇదే సత్యమును చేరెను గాని ప్రకటించుటలో వెనుకబడెను.

మన మోటారు సైకిలు కడకు ఒక్క నిమిషము తిరిగి వత్తము. ఇంజను ఇరుసు చివర అయస్కాంతములు పొదిగిన చక్రముండును, దానిని రోటరందురు. దాని చుట్టును కదలక నిలిచిన తీగచుట్టలుండును, అది స్టేటరు. ఇంజను తిరిగినకొలది అయస్కాంతము ఒక్కొక్క చుట్టను సమీపించి దూరమగుచుండును. కడ్డీని దూర్చి లాగిన ఫారడే చేయి అచట నిమిషమునకు వేలమాఱులు ఆడుచున్నదనుకొనవచ్చును. మార్పు ఎంత త్వరితమో విద్యుత్తు అంత బలము. బండి నిలిచి మెల్లగ కొట్టుకొనునప్పుడు దీపము మందగించి, ఆక్సిలరేటరు త్రిప్పగనే వెలుగుటకు కారణమిదే; దానిని దోషమని భ్రమపడరాదు. సమీపించునప్పుడొక దిక్కునకు, దూరమగునప్పుడు వేఱొక దిక్కునకు పాఱును గనుక ఈ విద్యుత్తు అటునిటు ఊగునది. బ్యాటరీకి ఒకే దిక్కు కావలెను. అందులకై ఒక్కవైపునకు మాత్రమే దారియిచ్చు రెక్టిఫయరును, మితిమీరకుండ పట్టియుంచు రెగ్యులేటరును నడుమ నమర్చిరి.

మా మేస్త్రి చేసిన పరీక్ష ఈ దారివెంబడి నడచుటయే. పండ్రెండు వోల్టుల బ్యాటరీ నిండుగ నుండి విశ్రాంతిగ నున్నప్పుడు 12.6 వోల్టుల దరిదాపున చూపవలెను. ఇంజను నడిపి కొంచెము వేగము పెంచినచో అది 14 వోల్టుల దగ్గఱకు ఎక్కవలెను. ఎక్కక అక్కడనే నిలిచినను, దీపము వేయగనే దిగజారినను, నింపుడు జరుగుట లేదని అర్థము. 15 దాటినచో రెగ్యులేటరు పట్టు తప్పినది. అట్టిచోట బ్యాటరీ లోని నీరు మఱగి తఱుగును. ఎక్కనప్పుడు స్టేటరునుండి వచ్చు తీగలను ముడి విప్పి, మీటరును ఊగెడి విద్యుత్తునకు మార్చి, తీగల నడుమ కొలువవలెను. వేగముతో పాటు వోల్టులు పెరిగినచో జన్మస్థానము క్షేమము. రెక్టిఫయరునో అతుకులనో వెదకవలెను. పెరుగనిచో స్టేటరు చుట్ట తెగియైన నుండవలెను, రోటరు అయస్కాంతము బలహీనపడియైన నుండవలెను. ఇంజను ఆపి, ఆ విప్పిన తీగలకును బండి ఇనుమునకును సంబంధమున్నదేమో చూడవలెను. చాలరకముల బండ్లలో అది ఉండరాదు, మాదానిలో ఉండెను. రెక్టిఫయరులోని ఒక్కొక్క ద్వారము ఒకవైపు తెఱచి రెండవవైపు మూయవలెను. రెండువైపుల తెఱచినను రెండువైపుల మూసినను అది పాడైనట్లే. ఇవన్నియు సరిగ నున్నచో, ఇనుమునకు బిగించిన నల్లతీగ మొదలు త్రుప్పుపట్టినదేమో గీకి చూచుట. ఫారడే తన రాగిచక్రమునకు పాదరసము పట్టించినదియు ఇందులకే.

ఒక వింత ఏమనగా, ఈ దారిలో ఏ మజిలీ చూచినను ఆయన అడుగుజాడ కనబడును. 1833, 34 సంవత్సరములలో విద్యుత్తు ద్రవములగుండ పోవునప్పుడు ఎంత విద్యుత్తునకు ఎంత పదార్థము విడివడునో నియమములను స్థాపించెను. ఆనోడు, కేథోడు, అయాను అను మాటలు విలియం హ్యూవెల్ అను పండితునితో ఉత్తరములు నడపి ఆయన నిర్ణయించినవే. క్రొత్త వస్తువునకు పేరు పెట్టుటలో పండితుని సంప్రదించిన ఆ వినయము మన పారిభాషికపద నిర్మాతలకు కొంత ఉన్నచో బాగుండును. 1859లో ఫ్రాన్సులో ప్లాంటే సీసపు పలకలతో చేసిన బ్యాటరీ ఆ నియమములకు లోబడినదే. తీసినంత పెట్టనిదే నిండదు. 1833లోనే వెండిగంధకమును వేడిచేసిన విద్యుత్తు మఱింత సులువుగ పోవుటను చూచి ఆశ్చర్యపడి వ్రాసికొనెను. లోహములు దీనికి విరుద్ధముగ ప్రవర్తించును. సెమికండక్టరుల లక్షణము గ్రంథస్థమగుట అది మొదలు. నేటి రెక్టిఫయరు ఆ జాతి పదార్థముతో చేయబడినదే.

ఇట్టివాడు ధనవంతుడు కావలసినది. 1830 నాటికి వ్యాపారస్థులకు పదార్థపరీక్షలు చేసియిచ్చుటవలన ఏటికి వేయి పౌండ్ల వఱకు సంపాదించుచుండెను. పరిశోధనకు కాలము చాలుట లేదని గ్రహించి ఆ పనిని దాదాపు పూర్తిగ విడిచిపెట్టెను. 1821లో వివాహమాడిన సారా బర్నార్డు అందులకు ఎన్నడును అడ్డుచెప్పలేదు. వారికి సంతానము లేదు. 1835లో ప్రభుత్వము పింఛను ఇవ్వదలచినప్పుడు ప్రధానమంత్రి మెల్బోర్ను ప్రభువు అట్టి పింఛనులను గుఱించి చులకనగ మాటలాడగా, ఫారడే వలదని వ్రాసి ఇంటికి పోయెను. ప్రభువు క్షమాపణ చెప్పిన పిదపనే 300 పౌండ్ల వార్షికమును అంగీకరించెను. 1857లో రాయల్ సొసైటీ అధ్యక్షపదవిని ఇంటికి తెచ్చి యిచ్చినను పుచ్చుకొనలేదు. పన్నులు వేయవచ్చుననియు, పసిబిడ్డ యనియు ఆయన చతురోక్తులు కొన్ని ప్రచారములో నున్నవి గాని వాటికి గట్టి ఆధారములు లేవు. నేనిచట వాటిని చేర్చలేదు.

ఆయన ప్రయోగశాలలో తోడు ఒక్కడే: ఆండర్సన్ అను మాజీ సార్జెంటు. చెప్పినది చెప్పినట్లు చేయుట తప్ప వేఱెఱుగడు. ఒకనాటి సాయంకాలము కొలిమి మంటను చల్లారనీయవద్దని చెప్పి, పొమ్మనుట మఱచి ఫారడే వెళ్లిపోయెననియు, మఱునాడు ఉదయము వచ్చి చూడగా ఆండర్సన్ ఇంకను బొగ్గు వేయుచునే యుండెననియు చెప్పుదురు. పిల్లల కొఱకు క్రిస్మసు సెలవులలో ఉపన్యాసములను 1825లో ఇన్‌స్టిట్యూషన్ ఆరంభించెను. ఫారడే పందొమ్మిది సంవత్సరములు వాటిని ఇచ్చెను. క్రొవ్వొత్తిని గుఱించి 1860 శీతకాలమున ఇచ్చినవి గ్రంథరూపమున నేటికిని చదువబడుచున్నవి.

గణితము ఆయనకు రాదు. బీజగణితపు సమీకరణములు చూచినచో చదువురానివాని వలె నిలిచిపోయెడివాడు. అయస్కాంతము చుట్టును ఇనుపరజను చల్లినప్పుడు కనబడు రేఖలను తన కన్నులతో చూచి, అవి ఆకాశమున నిజముగ నున్నవని నమ్మెను. పెద్దలు చిఱునవ్వు నవ్విరి. 1850 దశకమున మాక్స్‌వెల్ అను యువకుడు ఆ రేఖలను గణితభాషలోనికి తెచ్చునప్పటికి ఫారడే వృద్ధుడు. ఆ ఫలితములను సామాన్యమైన మాటలలో కూడ చెప్పరాదా అని ఆయన మాక్స్‌వెల్‌కు వ్రాసిన జాబు చదివినప్పుడు, పాఠము చెప్పుట వృత్తిగా గల నావంటివానికి తల వంగును.

1839 చివరనుండి ఆయనను ఒక వ్యాధి పట్టుకొన్నది. తలతిరుగుడు, తలనొప్పి, అన్నిటికంటె దుర్భరము మఱపు. నిన్న చేసిన ప్రయోగము నేడు గుర్తుండదు. 1841లో విశ్రాంతికై స్విట్జర్లండునకు పోయెను. వింత ఏమనగా శరీరము దృఢమే. అచట ఒకేనాడు 45 మైళ్లు నడచెను. కాళ్లు మఱవలేదు, తల మఱచెను. నాలుగైదేండ్లు పరిశోధన దాదాపు నిలిచిపోయెను. అయినను 1845లో మరల లేచి, అయస్కాంతము వెలుతురు తీరును మార్చునని చూపెను. మఱపునకు మందు ఆయన దినచర్యయే. ప్రతి పేరాకు వరుససంఖ్య వేసి వ్రాసెను. చివరి సంఖ్య 16041. తాను నిన్న చేసినదానిని నేడు పరాయివాని పనివలె చదివి తెలిసికొని, అక్కడనుండి ముందుకు సాగెను. పూర్వము అట్టకట్టు దుకాణములో పరుల గ్రంథములు చదివినవాడు, ముదిమిలో తన చేతివ్రాతనే పరుల గ్రంథమువలె చదువవలసివచ్చెను. ఆ పేరాల సంఖ్యలు వరుస తప్పలేదు.

సముద్రతీరపు దీపస్తంభములను పాలించు ట్రినిటీ హౌసువారికి 1836 నుండి ఆయన సలహాదారు. 1858 డిసెంబరులో డోవరు సమీపమున సౌత్ ఫోర్లండు దీపస్తంభములో, అయస్కాంతములను ఆవిరియంత్రముతో త్రిప్పి పుట్టించిన విద్యుత్తుతో దీపమును వెలిగించి చూచిరి. కాగితపు గొట్టములో కడ్డీ దూర్చిన ఇరువదియేడేండ్లకు ఆ వెలుగు సముద్రముపై పడెను. అది నిలకడగ వెలుగుచున్నదా, ఎక్కడ తగ్గుచున్నదో చూచివచ్చుట ఆయన విధి. 1860 ఫిబ్రవరిలో మంచు కురిసి దారులు మూసికొనిపోగా ఒకమాఱు వెనుకకు మరలెను. మరల బయలుదేరి, కంచెలు గోడలు ఎక్కి దిగుచు, పొలములకు అడ్డముపడి నడచి దీపస్తంభమును చేరెను. అప్పటికి ఆయనకు అఱువదియెనిమిదేండ్లు. చెఱువుకట్టమీద ఆఱిపోయిన దీపమును తలచుకొన్నప్పుడెల్ల ఆ మంచులో నడచిన ముసలివాడు నాకు గుర్తునకు వచ్చును.

1858లో విక్టోరియా రాణి హాంప్టన్ కోర్టులో ఒక ఇల్లు ఇచ్చెను. కడపటి సంవత్సరములలో మాటయు చూపును మందగించినవి. 1867 ఆగస్టు 25వ తేదీన తన చదువుగదిలో కుర్చీలో కూర్చుండియే కన్నుమూసెను. వెస్ట్‌మినిస్టర్ ఆబేలో న్యూటను ప్రక్కకు పోవలసినవాడు, తన కోరిక ప్రకారము హైగేటు శ్మశానములో ఆడంబరము లేకుండ ఖననము చేయబడెను. ఆ ఇనుప కడియము మాత్రము రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో భద్రపఱచబడియున్నది; చుట్ల నడుమ ఆయన చేతితో పెట్టిన పురికొసయు నూలుగుడ్డయు ఇప్పటికిని కనబడును.